డ్యాక్‌లో ఏది ముఖ్యం: ఉన్నదున్నట్టు వినిపించడమా, వినసొంపుగా వినిపించడమా?

పాతక్యాసెట్ | రాజమండ్రి

నా సెటప్ చిన్నది. ల్యాప్‌టాప్, ఆపిల్ వాళ్ల యూఎస్‌బీ-సీ డాంగిల్ (చిన్న డ్యాక్ దాంట్లోనే ఉంటుంది), సెన్‌హైజర్ హెచ్‌డీ 600 హెడ్‌ఫోన్. వినేది ఎక్కువగా ఘంటసాల, బాలమురళి, వీణ కచేరీలు. మంచి డ్యాక్ (ఫైల్‌లోని అంకెల్ని శబ్దపు సిగ్నల్‌గా మార్చే పెట్టె) ఒకటి కొందామని పాతిక వేలు పక్కన పెట్టాను.

మొన్న మా బావమరిది ఇంట్లో ఒక ఆర్‌టూఆర్ (రెసిస్టర్లని నిచ్చెనలా పేర్చి చేసిన) డ్యాక్ విన్నాను. గొంతు నిండుగా ఉంది, తాళాల చురుకు తగ్గింది, ఎంతసేపు విన్నా చెవి అలసిపోలేదు. ఇంటికొచ్చి దాని కొలతలు వెతికితే సినాడ్ 90 కూడా లేదు. అదే డబ్బుకి 115, 120 చూపించే డెల్టా-సిగ్మా (ఇప్పుడు ఎక్కువగా వచ్చే చిప్ రకం) పెట్టెలు దొరుకుతున్నాయి. చెవి ఒకటి చెబుతోంది, గ్రాఫు ఇంకోటి చెబుతోంది. మీరైతే ఎవరి మాట వింటారు?

కుడిచెవి | హైదరాబాద్

ఆ రెండింటికీ గొడవే లేదండీ. సినాడ్ అంటే 1 కిలోహెర్ట్జ్ టోన్ ఒక్కటి లోపలికి పంపి, బయటికొచ్చిన దాంట్లో ఆ టోన్ కాక మిగిలిన చెత్తంతా (నాయిస్, డిస్టార్షన్ కలిపి) ఎంత కింద ఉందో చెప్పే అంకె. 90 డెసిబెల్స్ అంటే ఆ చెత్త 0.003 శాతం. పాట నడుస్తుంటే 0.1 శాతం కూడా చాలామంది పట్టుకోలేరు. సీడీకున్న 16 బిట్ల పరిధే 96 డెసిబెల్స్ చిల్లర. కాబట్టి 90కీ 120కీ మధ్య ఉన్న తేడా మీకు వినపడే వీల్లేదు. అంటే మీరు విన్నది వేరే ఏదో అయ్యుండాలి.

నా అనుమానం ఎన్‌ఓఎస్ మీద. ఓవర్‌శాంప్లింగ్ (శాంపిళ్ల మధ్య అదనపు శాంపిళ్లు చేర్చడం) లేని డ్యాక్ ప్రతి శాంపిల్‌నీ తర్వాతది వచ్చేదాకా అలాగే పట్టుకుని ఉంటుంది, మెట్లు మెట్లుగా. అలా పట్టుకోవడం వల్లే పై ఫ్రీక్వెన్సీలు పడిపోతాయి. 44.1 కిలోహెర్ట్జ్ ఫైల్‌లో 10 కిలోహెర్ట్జ్ దగ్గర ముప్పావు డెసిబెల్, 20 కిలోహెర్ట్జ్ దగ్గర 3.2 డెసిబెల్స్. ఇది లెక్క, అభిప్రాయం కాదు. తాళాల చురుకు తగ్గింది అన్నారే, అది ఇదే కావచ్చు.

ఇంకో రెండు సంగతులు చెప్పండి. అక్కడ వాల్యూమ్ మీ ఇంట్లో ఉన్నంతే ఉందా? హెడ్‌ఫోన్ ఏ యాంప్లిఫయర్‌కి (యాంప్‌కి) పెట్టారు?

సోల్డర్‌సుబ్బు | విశాఖపట్నం

కుడిచెవి గారు చెత్త అని ఒక్క మాటలో తేల్చేశారు గానీ ఆ చెత్త ఎక్కడ పుడుతుందో కూడా చూడాలి. నేను ఆర్‌టూఆర్ బోర్డులు సొంతంగా కట్టినవాణ్ణి. ప్రేమతోనే చెబుతున్నా.

16 బిట్ల నిచ్చెనలో అన్నిటికంటే పెద్ద బిట్ విలువ 32,768 మెట్లు. దాని కింద ఉన్న 15 బిట్లూ కలిపితే 32,767. అలల గ్రాఫు సున్నాని దాటే ప్రతిసారీ కింది బిట్లన్నీ ఆరిపోయి పెద్ద బిట్ ఒక్కటి వెలగాలి. ఒక్క మెట్టు తేడా. ఇప్పుడు ఆ పెద్ద బిట్ రెసిస్టర్‌లో 0.1 శాతం తేడా ఉందనుకోండి. 33 మెట్ల తప్పు వస్తుంది! అదీ సున్నా దగ్గర. పాట నెమ్మదిగా ఉన్నప్పుడు, వీణ తీగ నాదం ఆరిపోతున్నప్పుడు సిగ్నల్ తిరిగేది అక్కడే. పెద్ద శబ్దంలో దాక్కునే తప్పు చిన్న శబ్దంలో నెత్తినెక్కి కూర్చుంటుంది.

ఈ బాధ తప్పించడానికే బర్-బ్రౌన్ కంపెనీ వాళ్లు పీసీఎం1704 అనే డ్యాక్ చిప్‌లో సైన్-మాగ్నిట్యూడ్ పద్ధతి పెట్టారు. సున్నాకి పైన ఒక నిచ్చెన, కింద ఒక నిచ్చెన. అది తయారవడం ఎప్పుడో ఆగిపోయింది, ఇప్పుడు మార్కెట్లో దొరికే వాటిలో నకిలీలే ఎక్కువ.

పనిలో పని, ఫిలిప్స్ టీడీఏ1541ని ఆర్‌టూఆర్ అని రాసే వాళ్లందరికీ ఒక దండం. 1985లో వచ్చిన ఆ చిప్‌లో నిచ్చెన లేదు. కరెంటుని భాగాలు చేసి, ఆ భాగాల్ని వంతులవారీగా మార్చుతూ తేడాల్ని సగటు చేసే పద్ధతి. మల్టీబిట్ అనండి, ఒప్పుకుంటా.

నెలజీతం | బెంగళూరు

నాకు లెక్కలు రావు గానీ ఒక సంగతి గుర్తొస్తోంది. 2020 అక్టోబర్‌లో జపాన్‌లో నోబెయోకాలో డ్యాక్ చిప్‌లు చేసే ఏకేఎం కంపెనీ ఫ్యాక్టరీ తగలబడింది. దాని పోటీ కంపెనీ ఈఎస్ఎస్. అప్పటిదాకా ఫోరమ్‌లన్నీ "ఏకేఎం చిప్ అంటే వెల్వెట్, ఈఎస్ఎస్ అంటే గరుకు" అని ఒకటే పాట. వెల్వెట్ సౌండ్ అనేది ఆ కంపెనీ పెట్టుకున్న ప్రకటన పేరు, మన జనం దాన్ని చెవులకే అంటించుకున్నారు. చిప్‌లు దొరక్క కంపెనీలు ఈఎస్ఎస్‌కి మారాయి. టాపింగ్ కంపెనీ డ్యాక్ డీ90 పోయి డీ90ఎస్ఈ వచ్చింది. కొన్నవాళ్లే వచ్చి "ఇది కూడా భలే మృదువుగా ఉందే" అని రాశారు. ఆ గరుకు ఎటు పోయిందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

మోహనరాగం | చెన్నై

నేను వీణ విద్యార్థిని, ఇంజనీర్ని కాను. అయినా ఒక మాట.

తంబురా బ్రిడ్జి మీద తీగ కింద దారం సర్దుతాం. ఎందుకు? ఉత్త తీగ పలికేది ఉన్నదున్నట్టే పలుకుతుంది, కానీ బోసిగా ఉంటుంది. దారం కుదిరితే పై స్వరాలన్నీ విచ్చుకుంటాయి. శ్రుతి సరిగ్గా ఉంటే ఎవరూ మీటని అంతర గాంధారం దానంతటదే వినిపిస్తుంది. మీరు డిస్టార్షన్ అంటున్న రెండో హార్మోనిక్ ఏమిటి? అదే స్వరం పై స్థాయిలో. మూడోది పై స్థాయి పంచమం. ఐదోది గాంధారం. ఇవన్నీ సంగీతానికి బయట ఉన్నవి కావు. ఒక పరికరం వాటిని చిటికెడు కలిపితే నాకు నిండుగా వినిపిస్తుంది. దాన్ని పట్టుకుని చెత్త అంటే ఒప్పుకోలేను.

కుడిచెవి | హైదరాబాద్

మోహనరాగం గారూ, మంచి ఉదాహరణ. కానీ అది ఒక్క స్వరం మోగినంత వరకే.

రెండు స్వరాలు కలిసి మోగితే హార్మోనిక్స్ ఒక్కటే కాదు, ఆ రెండింటి కూడికలూ తీసివేతలూ కూడా పుడతాయి. షడ్జం 240 హెర్ట్జ్ అనుకుందాం. దానితో పంచమం, 360. కూడితే 600, అది తారస్థాయి అంతర గాంధారం. తీసేస్తే 120, మంద్ర షడ్జం. ఇంతవరకూ మీ మాటే నెగ్గుతుంది.

ఇప్పుడు మాయామాళవగౌళ ఎత్తుకోండి. షడ్జం 240, శుద్ధ రిషభం 256. కూడితే 496. పై షడ్జం 480, పై రిషభం 512. ఈ 496 సరిగ్గా ఆ రెంటి మధ్య పడుతుంది. ఏ స్వరమూ కాదు, ఏ రాగంలోనూ లేదు. మన కచేరీలో తంబురా ఆగకుండా షడ్జం పలుకుతూనే ఉంటుంది, గాయకుడు రిషభం మీద నిలబడతాడు. అంటే ఈ గోల మన సంగీతంలోనే ఎక్కువ.

తంబురాకి దారం వేసేది తంబురా వాయించేవారు, అదీ ఆ ఒక్క తీగకి. శబ్దానికి తన రంగు వేసే యంత్రం గాయకుడికీ వయొలిన్‌కీ మృదంగానికీ ముగ్గురికీ కలిపి ఒకే దారం వేస్తుంది.

90 డెసిబెల్స్ డ్యాక్‌లో ఇదంతా వినపడనంత కింద ఉంటుంది, ఆ మాట ముందే అన్నాను. 1 శాతం డిస్టార్షన్ ఇచ్చే ట్యూబ్ యాంప్ సంగతి వేరు.

మోహనరాగం | చెన్నై

లెక్క బాగుంది, నా వీణ మీద పెట్టి చూస్తాను. మరి మీరు "ఉన్నదున్నట్టు" అంటున్నది ఏది? ఘంటసాల గారు మైకు ముందు పాడింది మీ దగ్గర లేదు. ఆ మైకుకి ఒక రంగు, టేపుకి ఒక రంగు, 78 రికార్డు కోసేటప్పుడు ఒక రంగు, ఆ తర్వాత ఎవరో కంప్యూటర్‌లో గరగర తీసేస్తూ గొంతులో జీవం కూడా తీసేసిన రంగు. ఇన్ని రంగులు దాటొచ్చిన ఫైల్‌ని డ్యాక్ దగ్గర మాత్రం మడిగట్టుకుని వినాలా?

డాలస్_డెసిబెల్ | డాలస్

ఈ ప్రశ్న అసలైనది. సమాధానం కూడా ఉంది: రంగు వద్దని కాదు, ఆపడానికి స్విచ్ లేని చోట వద్దని. గరగర తీసేసిన ఘంటసాల పాటకి కొంచెం వెచ్చదనం కావాలి. నిన్న రికార్డ్ చేసిన కచేరీకి అక్కర్లేదు. డ్యాక్‌లో శాశ్వతంగా వేసేసిన రంగు రెండింటికీ ఒకేలా పడుతుంది.

రంగుని ఎవరైనా కాపీ కొట్టగలరు కూడా. 1985లో బాబ్ కార్వర్ అని ఒక యాంప్లిఫయర్ డిజైనర్ అమెరికాలో స్టీరియోఫైల్ పత్రిక వాళ్లతో పందెం కాశాడు. మీరు ఎంత ఖరీదైన యాంప్ చూపించినా నా చవక ట్రాన్సిస్టర్ యాంప్‌ని దానిలాగే పలికిస్తాను అని. వాళ్లు పెద్ద ట్యూబ్ యాంప్ ఒకటి ఇచ్చారు. ఆయన రెండింటి అవుట్‌పుట్ తేడాని కొలుస్తూ తన యాంప్‌ని మార్చుకుంటూ పోయాడు. తేడా 70 డెసిబెల్స్ కిందికి దిగింది. పత్రిక ఎడిటర్లు విని, పట్టుకోలేకపోయామని ఒప్పుకున్నారు. ట్యూబ్ మాయ అన్నది ఎంతో కొంత ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్, ఎంతో కొంత అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (కరెంటుకి యాంప్ లోపల ఉండే అడ్డు), కాస్త డిస్టార్షన్. అన్నీ అంకెలే.

కృష్ణలంక_కుర్రాడు | విజయవాడ

అన్నా, ఇదంతా చదివితే డ్యాక్‌లన్నీ ఒకటే అన్నట్టుంది. మరి 44.1 కిలోహెర్ట్జ్ ఫైల్ కంటే 96, 192 బాగుంటుంది అంటారు కదా, దానికి ఎవరైనా పరీక్ష పెట్టారా?

డాలస్_డెసిబెల్ | డాలస్

పెట్టారు తమ్ముడూ. 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ జర్నల్‌లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు అచ్చేశారు. ఎస్ఏసీడీ, డీవీడీ-ఆడియో డిస్క్‌లు (సీడీని మించిన హై-రెజ్ రకాలు) ప్లే చేస్తూ, మధ్యలో చెప్పకుండా 16 బిట్, 44.1 కన్వర్టర్ దూర్చారు. 554 ట్రయల్స్‌లో 276 కరెక్ట్. 49.8 శాతం. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది.

సోల్డర్‌సుబ్బు | విశాఖపట్నం

అర్ధభాగం చెప్పి వదిలేయకండి సార్. ఆ పరీక్షలో వాడిన డిస్క్‌లలో కొన్నింటి మూలమే హై-రెజ్ కాదని తర్వాత గట్టి విమర్శలొచ్చాయి. 2016లో అదే జర్నల్‌లో జాషువా రీస్ 18 ప్రయోగాల్ని, 12,500కి పైగా ట్రయల్స్‌ని కలిపి లెక్కేశాడు. 52.3 శాతం వచ్చింది. చిన్నదే, కానీ గాలివాటం కాదు. ముందుగా శిక్షణ ఇచ్చిన వాళ్లలో ఇంకా ఎక్కువ.

డాలస్_డెసిబెల్ | డాలస్

ఒప్పుకుంటా. శిక్షణ తీసుకుని, చెవులు రిక్కించి, వందలో యాభై రెండుసార్లు పట్టుకోగలిగే తేడా కోసం పాతిక వేలు పెట్టాలా అన్నది ఆయన జేబుకి సంబంధించిన విషయం.

నెలజీతం | బెంగళూరు

వందలో యాభై రెండుసార్లు అయితే మా ఆవిడ దగ్గర బిల్లు పాస్ అవ్వదు.

మోడరేటర్

కేబుల్స్ గురించిన మూడు పోస్టులు వేరే థ్రెడ్‌కి మార్చాను. ఇక్కడ డ్యాక్ గురించే మాట్లాడండి.

పాతక్యాసెట్ | రాజమండ్రి

ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. కుడిచెవి గారి ప్రశ్నలకి జవాబు: వాల్యూమ్ చెవికి బాగున్నంత పెట్టుకున్నాను, కొలవలేదు. బావమరిది దగ్గర హెడ్‌ఫోన్ పెట్టింది ట్యూబ్ ఓటీఎల్ (అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని) యాంప్‌కి. మాన్యువల్‌లో అవుట్‌పుట్ ఇంపిడెన్స్ 100 ఓమ్స్ అని ఉంది. డ్యాక్‌లో ఎన్‌ఓఎస్, ఓఎస్ (ఓవర్‌శాంప్లింగ్ ఉన్నది) అని స్విచ్ కూడా ఉంది. ఈ ఆదివారం అవన్నీ మా ఇంటికి తెస్తానన్నాడు. ఎలా పోల్చాలో చెప్తే చేసి చూస్తాం.

కుడిచెవి | హైదరాబాద్

ఓటీఎల్ యాంప్ అన్నారా! కథ అక్కడే ఉందని నాకు గట్టి నమ్మకం. అయినా చూడండి.

ముందు వాల్యూమ్ సమం చేయాలి. ఒక పెట్టె 2 వోల్టులిస్తే ఇంకోటి 2.5 ఇస్తుంది. అంటే దాదాపు 2 డెసిబెల్స్ తేడా. అంత తేడాని చెవి "ఇది పెద్దగా ఉంది" అనదు, "ఇందులో ప్రాణం ఉంది" అంటుంది. మల్టీమీటర్ ఏసీ రేంజ్‌లో పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే అవుట్‌పుట్ కొలవండి. డ్యాక్‌లని పోల్చేటప్పుడు 1 కిలోహెర్ట్జ్ టోన్ వాడకండి. చవక మీటర్లు కరెంటు వాళ్ల 50 హెర్ట్జ్ కోసం చేసినవి, కిలోహెర్ట్జ్ దగ్గర తప్పు చెబుతాయి. 200 హెర్ట్జ్ టోన్ పెట్టండి. 1 శాతం లోపు సరిపోతే తేడా 0.1 డెసిబెల్ లోపే ఉన్నట్టు.

తర్వాత ఏది మోగుతోందో మీకు తెలియకూడదు. మార్చేది బావమరిది, మీరు గోడ వైపు తిరిగి కూర్చోండి. ఆయన మొహం కూడా చూడొద్దు. 16 సార్లలో 12 కరెక్టయితే నిజంగా వినపడుతున్నట్టు. తొమ్మిదీ పదీ అంటే లేనట్టే.

ఒకసారి ఒకటే మార్చండి. యాంప్ అదే ఉంచి డ్యాక్‌లు, తర్వాత డ్యాక్ అదే ఉంచి యాంప్‌లు.

పాతక్యాసెట్ | రాజమండ్రి

చేశాం. మా ఆవిడ మమ్మల్ని చూసి నవ్వుకుంటూ రెండుసార్లు టీ ఇచ్చింది.

ఒకే యాంప్ మీద, ఓఎస్ మోడ్‌లో ఉన్న ఆర్‌టూఆర్‌కీ నా డాంగిల్‌కీ తేడా చెప్పలేకపోయాను. సగానికి అటూ ఇటూ. బావమరిది తన వంతు వచ్చినప్పుడు కూడా అంతే. సొంత పెట్టె కదా, మొహం కాస్త చిన్నబోయింది.

ఎన్‌ఓఎస్ మోడ్ మాత్రం పట్టుకున్నాను, అదీ కొత్త రికార్డింగుల్లో, తాళాలూ ఘటం దెబ్బలూ ఉన్న చోట. విచిత్రం ఏంటంటే ఘంటసాల పాటల్లో అదీ తెలియలేదు.

యాంప్ మార్చినప్పుడు మాత్రం ఏ పాటైనా సరే వెంటనే తెలిసిపోయింది. ట్యూబ్ యాంప్‌లో గొంతు కింది భాగం నిండుతోంది. ఆ రోజు నాకు నచ్చింది అదే.

ఇంకోటి. ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టగానే ట్యూబ్ యాంప్‌లో గుయ్ మని శబ్దం. ల్యాప్‌టాప్ బాడీ తాకితే వేలికి చిన్న జిల్లు కూడా.

డాలస్_డెసిబెల్ | డాలస్

విచిత్రం ఏమీ లేదు. అప్పటి రికార్డింగుల్లో 10 కిలోహెర్ట్జ్ పైన గరగర తప్ప పెద్దగా ఏమీ ఉండదు. లేనిదాన్ని ఎన్‌ఓఎస్ ఏం తగ్గిస్తుంది?

గొంతు నిండడానికి లెక్క ఇదిగో. హెచ్‌డీ 600ని 300 ఓమ్స్ అంటాం గానీ 100 హెర్ట్జ్ దరిదాపుల్లో అది 500 దాటుతుంది. డాంగిల్ ఇంపిడెన్స్ చాలా తక్కువ, దానికి ఈ ఎత్తుపల్లాలతో పనిలేదు. 100 ఓమ్స్ యాంప్ అయితే హెడ్‌ఫోన్‌తో కలిసి వోల్టేజిని పంచుకోవాలి. 300 ఉన్న చోట నాలుగింట మూడు వంతులు హెడ్‌ఫోన్‌కి అందుతుంది, 500 ఉన్న చోట ఆరింట ఐదు వంతులు. తేడా 0.9 డెసిబెల్. మగ గొంతు మంద్రంలో తిరిగే చోట, వెడల్పుగా, 0.9 డెసిబెల్ ఎత్తు. అది వినపడుతుంది, బాగుంటుంది కూడా.

మోహనరాగం | చెన్నై

అంటే ఆయనకి నచ్చింది రంగే! ఇన్ని పేజీలు తిరిగి నా దగ్గరికే వచ్చారు.

కుడిచెవి | హైదరాబాద్

రంగే, కాదనలేదు. డ్యాక్‌లో లేదు అంటున్నా. పాతిక వేలూ డ్యాక్ మీద పోస్తే ఆయనకి ఆ గొంతు రాదు. 120 సినాడ్ పెట్టె కొన్నా రాదు, 90 సినాడ్ ఆర్‌టూఆర్ కొన్నా రాదు. ఈక్వలైజర్ ఏపీఓ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో 100 హెర్ట్జ్ దగ్గర 1 డెసిబెల్ ఎత్తితే వస్తుంది, కొత్త కచేరీ పెట్టినప్పుడు తీసేయొచ్చు.

మోహనరాగం | చెన్నై

ప్రతి పాటకీ స్లైడర్లు జరుపుతూ కూర్చునే మనిషి పాట ఎప్పుడు వింటాడండీ? ఒక పెట్టె కొన్నాం, అది ఇలా పలుకుతుంది, మనకి నచ్చింది, అయిపోయింది. నా గురువుగారి వీణకి ఈక్వలైజర్ లేదు.

కుడిచెవి | హైదరాబాద్

వీణ వాయించేది. డ్యాక్ వాయించదు. ఇక్కడ మీకూ నాకూ కుదరదు గానీ మాయామాళవగౌళ పరీక్ష మాత్రం చేసి రాయండి.

సోల్డర్‌సుబ్బు | విశాఖపట్నం

పాతక్యాసెట్ గారూ, వీళ్లు తేల్చుకునేలోపు మీరు రెండు పనులు చేయండి.

ఒకటి ఎర్తింగ్. ఆ జిల్లు ల్యాప్‌టాప్ చార్జర్ లీకేజి కరెంటు. పోవడానికి దారిలేక యూఎస్‌బీ గుండా యాంప్‌లోకి వస్తోంది. మీ త్రీపిన్ సాకెట్‌లో పై రంధ్రం వెనక వైరు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మన వైపు పాత ఇళ్లలో చాలాచోట్ల రంధ్రం ఉంటుంది, వైరు ఉండదు. మీరు చేయి పెట్టొద్దు. ఏ డ్యాక్ కొన్నా ఇది సరిచేయకపోతే ఆ గుయ్ ఏదో ఒకరోజు మళ్లీ వస్తుంది, అది 120 సినాడ్‌ని కూడా మింగేస్తుంది.

రెండు, మీకు నచ్చిన గొంతు. డాంగిల్‌కీ హెడ్‌ఫోన్‌కీ మధ్య చిన్న ఎక్స్‌టెన్షన్ తీసుకుని, ఒక్కో ఛానల్‌లో ఒక 100 ఓమ్స్ రెసిస్టర్ వేయండి. పావు వాట్ చాలు. ఎడమ వైరులో ఒకటి, కుడి వైరులో ఒకటి. గ్రౌండ్‌లో మాత్రం వద్దు, అక్కడ వేస్తే రెండు ఛానళ్లూ ఒకదాంట్లోకి ఒకటి కారతాయి. సౌండ్ రెండు రెండున్నర డెసిబెల్స్ తగ్గుతుంది, వాల్యూమ్ పెంచుకోండి. ట్యూబ్ డిస్టార్షన్ రాదు గానీ ఆ 0.9 డెసిబెల్ మొత్తం వస్తుంది. వద్దనుకున్నప్పుడు పీకేయడమే, మోహనరాగం గారికి స్లైడర్ బాధ లేదు, కుడిచెవి గారికి స్విచ్ ఉంది. ఖర్చు పది రూపాయలు.

నెలజీతం | బెంగళూరు

పాతిక వేల బడ్జెట్‌ని పది రూపాయలకి దించేశారు. ఈ ఫోరమ్‌ని షాపుల వాళ్లు చదవకుండా చూసుకోండి.

పాతక్యాసెట్ | రాజమండ్రి

ఎలక్ట్రీషియన్ రేపు వస్తానన్నాడు. రెసిస్టర్లు మా వీధి రేడియో రిపేరు ఆయన దగ్గర దొరికాయి, డబ్బులు తీసుకోలేదు. వీటి మీద గోధుమ, నలుపు, గోధుమ, చివర బంగారు గీత ఉన్నాయి. 100 ఓమ్స్ ఇవేనా?

సోల్డర్‌సుబ్బు | విశాఖపట్నం

అవే. ఏ వైపు పెట్టినా ఒకటే.